దీపావళి టికెట్ గురించి

చిరంజీవి కిట్టూకి,

నాన్న ఆశీస్సులు. నువ్వు ఫోన్ చేసి ఇవాళ్టికి ఇరవై మూడు రోజులు. పనిలో ఉంటావులే. పెరంబూర్‌లో నిన్నటి నుంచి ఒకటే వాన, మెట్ల దగ్గర మళ్లీ నీళ్లు నిలిచాయి. నల్లకారం అయిపోయిందా? అమ్మ కొట్టి డబ్బాలో పెట్టింది, బుజ్జి వచ్చేటప్పుడు పంపిస్తాం.

"నువ్వూ యాష్లీ లాంటివాడివే నాన్నా" అని ఆ రోజు ఫోన్ పెట్టేశావు. ఆవిడెవరో తెలుసుకుందామని నీ పాత కంప్యూటర్లో ఆవిడున్న మాస్ ఎఫెక్ట్ పెట్టాను. 2007 నాటి గేమ్ కదా, అందులో బాగానే నడిచింది. కాల్పులన్నీ కిందింటి పిల్లాడు ఆడిపెట్టాడు. మాటలన్నీ నేను శ్రద్ధగా విన్నాను.

సైన్యంలో ఉన్న ఆ పిల్ల సంగతి నువ్వు సగమే చెప్పావురా. వాళ్ల తాత జనరల్ విలియమ్స్ 2157లో షాన్షీ అనే మనుషుల కాలనీలో టూరియన్లనే ఏలియన్లకు లొంగిపోయాడు. తన కింద జనం చచ్చిపోతుంటే చూడలేకపోయాడు. దానికి ఆ ఇంటిపేరే చెడ్డదైపోయింది. తండ్రికి ప్రమోషన్లు లేవు, ఈమెకి మంచి పోస్టింగు లేదు. ఏలియన్లను కుక్కలందని నువ్వన్నావు, అలా అనలేదు. ఎలుగుబంటి మీద పడితే ఎంత ప్రేమగా పెంచిన కుక్కనైనా దాని మీదికి ఉసిగొల్పి పారిపోతాం, కష్టం వస్తే ఆ జాతులవాళ్లు మనల్ని అలాగే వదిలేస్తారని ఆమె భయం. ఆ మాటలో కుక్క మనమే. కానీ తమతో ఉన్న ఏలియన్లు గారస్‌నీ రెక్స్‌నీ అంతరిక్ష ఓడలో ఇష్టమొచ్చినట్టు తిరగనివ్వొద్దంటుంది చూడు, అది తప్పు. గారస్ ఆమెకేం చేశాడు?

తాతయ్య గుర్తొచ్చాడు. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చినా, మద్రాసు తమిళులవైపే ఉండిపోయినా ఆయన ఊరు మారలేదు. అయనవరంలో ఒక ఇల్లు కుదిరి, అడ్వాన్సు ఇద్దామని రుమాలు ముడి విప్పుతున్నాడట. నాయనమ్మ తెలుగులో ఏదో అంది. ఇంటావిడ "గొల్టీలా!" అని, మన తెలుగువాళ్లని వెక్కిరించే ఆ మాట అనేసి, తలుపు వేసేసింది. ఆ గడపకి పసుపు, పైన మామిడాకులు, అచ్చం మనింటి గడపలాగే ఉందిరా అని నాయనమ్మ ఎన్నిసార్లు చెప్పిందో. తాతయ్య ఆ వీధిలోంచి మళ్లీ నడవలేదు. ఐసీఎఫ్ రైలు పెట్టెల ఫ్యాక్టరీలో డ్యూటీకి ఎండలో కూడా చుట్టూ తిరిగే వెళ్లేవాడు.

అది వింటూ పెరిగినవాణ్ణి నేను. మేడమీది పోర్షన్ అడిగిన మణిపూర్ పిల్లలకి ఖాళీ లేదన్నాను. టులెట్ బోర్డు గేటుకి వేలాడుతూనే ఉంది. ఆ అబ్బాయి బోర్డు వైపోసారి, నా వైపోసారి చూసి, "సరే అంకుల్" అని చెప్పులేసుకున్నాడు. నువ్వు అక్కడే ఉన్నావు.

శారద పిన్ని ఏదో చెప్పింది, ఇంఫాల్ అమ్మాయి అని. నేనేమీ అడగట్లేదు. పెళ్లంటే రెండు ఇళ్ల సంగతి, తొందరపడకూడదు, ముందు ఆ లోన్ తీర్చుకో, రాత్రి రెండింటిదాకా మేలుకోకు. మళ్లీ మొదలుపెట్టాను, ఏమనుకోకు.

గేమ్‌లో విర్‌మైర్ గ్రహం దగ్గర యాష్లీ, తోటి సైనికుడు కైడన్‌లలో ఒక్కరినే కాపాడగలం కదా. కిందింటి పిల్లాడు కైడన్ అన్నాడు. నేను యాష్లీనే కాపాడాను. వెనక ముగ్గురు చెల్లెళ్లున్న పిల్ల.

ఆ అమ్మాయి కారం తింటుందా? తినకపోతే అమ్మ విడిగా చేస్తానంటోంది. దీపావళికి టికెట్లు నేనే తీస్తాను. ఒకటా, రెండా, అదొక్కటీ మెసేజ్ పెట్టు.

మీ నాన్న