పిరియడ్ మధ్యలో మూడు నిమిషాలు

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

దసరా సెలవులయ్యాక బడి తెరిచినప్పటి నుంచి పిల్లలు ఇంటికొచ్చి మీకో కొత్త సంగతి చెబుతూ ఉండాలి. లెక్కల పిరియడ్ నడుస్తుండగా టీచర్ అందరినీ లేపి నిలబెడుతున్నారని, అడుగులు వేయిస్తూ ఎక్కాలు చెప్పిస్తున్నారని. కొందరు ఫోన్ చేసి అడిగారు. ఒక నాన్నగారైతే కాస్త ఘాటుగానే, "డ్రిల్లు పిరియడ్ వేరే ఉంది కదండీ, పాఠం మధ్యలో ఈ గంతులేమిటి?" అన్నారు. అడగాల్సిన ప్రశ్నే. అందుకే ఈ నెల పరీక్షల తేదీలు, ఫీజు గడువు వెనక పేజీకి పంపి ముందు దీని గురించి రాస్తున్నాను.

మేం చేస్తున్నది చాలా చిన్న పని. ఇంటర్వెల్‌కీ మధ్యాహ్నం భోజనానికీ దూరంగా పడే పిరియడ్లలో, పాఠం సగమయ్యాక, రెండు మూడు నిమిషాలు పిల్లలు తమ బెంచీ పక్కనే నిలబడి ఒళ్లు కదిలిస్తారు. మునివేళ్ల మీద లేచి దిగడం, భుజాలు వెనక్కి తిప్పడం, ఒంటికాలి మీద నిలబడడం, కిటికీలోంచి దూరంగా ఉన్న చెట్టునో నీళ్ల ట్యాంకునో కాసేపు చూడడం. అంతే. మైదానంలోకి తీసుకెళ్లడం లేదు, మైకులో పాటలు పెట్టడం లేదు.

చాలామంది టీచర్లు దీన్ని పాఠంలోనే కలిపేస్తున్నారు. అది నాకు మరీ నచ్చింది. ఆరో తరగతిలో కోణాలు చెప్పేటప్పుడు పిల్లలు రెండు చేతులతో అల్పకోణం, లంబకోణం, అధికకోణం చేసి చూపిస్తున్నారు. సాంఘిక శాస్త్రం టీచర్ నాలుగు గోడలకు నాలుగు దిక్కులు పేర్లు పెట్టారు. "తెలంగాణ? ఒడిశా? బంగాళాఖాతం?" అని అడుగుతుంటే, ఆంధ్రప్రదేశ్ మధ్యలో నిలబడ్డట్టుగా పిల్లలు ఆ వైపుకు తిరగాలి. తప్పు దిక్కుకు తిరిగినవాడు పక్కవాళ్లను చూసి మెల్లగా సర్దుకుంటాడు. నోటుబుక్కులో ఎర్ర ఇంకుతో కొట్టేసిన తప్పు కంటే ఇది పిల్లలకు బాగా గుర్తుంటోందని టీచర్లు అంటున్నారు.

ఎందుకు మొదలుపెట్టామో చెప్పాలంటే మన తొమ్మిదో తరగతి పిల్లవాడి రోజు ఒకటి తీసుకోండి. ఉదయం ఏడున్నరకు వ్యాన్ ఎక్కి కూర్చుంటాడు. బడిలో సాయంత్రం దాకా బెంచీ మీద. మళ్లీ వ్యాన్‌లో. ఇంటికొచ్చి టిఫిన్ తిని ట్యూషన్‌కు వెళ్లి అక్కడా చాప మీదో కుర్చీలోనో. రాత్రి హోంవర్క్, ఆ తర్వాత చేతిలో ఫోన్. నడిచిందెంత అంటే వ్యాన్ దగ్గర నుంచి గేటు దాకా. హైదరాబాద్ బస్సులో మూడు గంటలు కూర్చున్నాక ధాబా దగ్గర ఆపితే, టీ తాగని వాళ్లం కూడా దిగి ఒళ్లు విరుచుకుంటాం కదా. వాడికి ఆ ధాబా ఎక్కడుంది?

శరీరం లోపల జరిగేది కూడా కష్టమైన విషయమేమీ కాదు. కాళ్లలోకి దిగిన రక్తం తిరిగి గుండెకు ఎక్కాలంటే పిక్కల కండరాలు పనిచేయాలి. అవి బిగిసి వదిలినప్పుడల్లా సిరలను నొక్కి రక్తాన్ని పైకి నెడతాయి. సిరల్లో ఉండే చిన్న కవాటాలు దాన్ని మళ్లీ కిందికి జారనివ్వవు. కదలకుండా కూర్చుంటే ఆ పంపు దాదాపు ఆగిపోయినట్టే. మునివేళ్ల మీద పదిసార్లు లేస్తే మళ్లీ ఆడుతుంది. కంటిదీ అదే కథ. పుస్తకం చదివేటప్పుడు దగ్గరి చూపు కోసం కంటిలోపలి చిన్న కండరం బిగిసి ఉంటుంది, దూరం చూసినప్పుడే అది సడలుతుంది. కిటికీలోంచి చెట్టును చూడమనేది అందుకే. దిక్కులు చూస్తున్నాడని మనం పిల్లలను తిట్టే పనే అది, కాకపోతే ఇప్పుడు టీచర్ చెప్పి చూపిస్తున్నారు.

దీనివల్ల మార్కులు పెరుగుతాయా అని మీరు అడుగుతారు. పెరుగుతాయని నేను మాట ఇవ్వను. క్లాసులో ఇలాంటి విరామాల మీద చాలా దేశాల్లో పరిశోధనలు జరిగాయి. విరామం తర్వాత పిల్లలు చేస్తున్న పని మీద ఎక్కువసేపు నిలబడుతున్నారని చాలావాటిలో తేలింది. మార్కుల దగ్గరికి వచ్చేసరికి ఫలితాలు అన్నిచోట్లా ఒకేలా లేవు. కాబట్టి ఇది ర్యాంకుల మందు అని ఎవరైనా చెబితే నమ్మకండి, ఆ ఎవరైనాలో నన్నూ కలుపుకోండి.

సిలబస్ వెనకబడుతుందన్న భయం మాత్రం అక్కర్లేదు. రోజుకు నాలుగు విరామాలంటే మొత్తం 12 నిమిషాలు. మధ్యాహ్నం ఆఖరి పిరియడ్లలో టీచర్ డస్టర్‌తో టేబుల్ కొట్టి "సైలెన్స్" అనడానికి, ఆవులిస్తున్నవాణ్ని లేపి ప్రశ్న వేయడానికి, పక్కవాడితో కబుర్లాడే ఇద్దర్ని విడదీసి కూర్చోబెట్టడానికి పోయే సమయం ఇంతకంటే తక్కువేమీ కాదు. ఫిన్లాండ్ బడుల్లో 45 నిమిషాల పాఠానికి 15 నిమిషాల విరామం ఇవ్వడం మామూలు. మన వ్యాన్ల టైములకు, మన సిలబస్‌కు అది కుదరదు, నేను అడగడం కూడా లేదు. 2019లో కేరళ బడుల్లో, పిల్లలకు నీళ్లు తాగమని గుర్తుచేసే నీళ్ల గంట కొట్టడం మొదలైంది, తర్వాత మన రెండు తెలుగు రాష్ట్రాలూ అందుకున్నాయి. అప్పుడు కూడా పాఠం చెడుతుందని గొణిగినవాళ్లున్నారు. ఇవాళ ఆ గంట కొట్టకపోతే పిల్లలే గుర్తుచేస్తారు.

ఇక టీచర్లకు నేను గట్టిగా చెప్పిన విషయం ఒకటుంది, మీకూ చెప్పాలి. మా తరానికి బడిలో ఒళ్లు వంచడం అంటే శిక్ష. గుంజీలు, గోడకుర్చీ, బడి చుట్టూ పరుగు. కదలడం అవమానంతో ముడిపడిపోయింది. శారీరక శిక్షను, మానసిక వేధింపును 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించింది, కాబట్టి అది ఎలాగూ లేదు. దాని తమ్ముడు ఇంకా బతికే ఉన్నాడు: హోంవర్క్ చేయలేదని డ్రిల్లు పిరియడ్ కోసేయడం, అల్లరి చేశాడని అందరూ లేచినప్పుడు వాడొక్కణ్నీ కూర్చోబెట్టడం. మన బడిలో ఈ రెండూ ఉండవు. కుదురుగా కూర్చోలేని పిల్లవాడికే ఈ మూడు నిమిషాలు అందరికంటే ఎక్కువ అవసరం. యూనిట్ టెస్టులో మార్కులు తగ్గాయి కాబట్టి మావాణ్ని ఆటలకు పంపకండి అని డైరీలో రాసి పంపే తల్లిదండ్రులు కొందరున్నారు. వారి ఆందోళన నాకు తెలుసు. కానీ ఆ ఒక్క కోరిక మాత్రం తీర్చలేను.

కొన్ని ఇబ్బందులు వచ్చాయి. మేడ మీది తరగతుల్లో ఎగరడం పూర్తిగా మానిపించాం. పైన ఎనిమిదో తరగతి ఒకేసారి ఎగిరితే కింద క్లాసువాళ్లు భూకంపం అని బయటికి పరుగెత్తబోయారు. ఫ్యాన్ల కింద బెంచీలు ఎక్కడం ముందునుంచీ లేదు. పెద్ద తరగతుల ఆడపిల్లలు వంగడానికి, చేతులు పైకెత్తడానికి ఇష్టపడకపోతే ఎవరూ బలవంతం చేయరు. నిలబడి భుజాలు తిప్పినా చాలు, నెలసరి రోజుల్లో కూర్చునే ఉన్నా కారణం అడగరు. నిలబడలేని పిల్లలుంటే ఆ క్లాసులో కూర్చుని చేసే కదలికలే అందరికీ పెట్టమన్నాం, ఆ ఒక్కరూ విడిగా కనబడకుండా. పదో తరగతి స్టడీ అవర్లలో కూడా ఈ విరామం ఉంటుంది. పబ్లిక్ పరీక్షలు దగ్గరపడ్డాయని తీసేయం.

ఇంటి దగ్గర మీరు చేయగలిగింది కూడా ఉంది. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలైనా ఒళ్లు అలిసే కదలిక ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. క్లాసులో మేమిచ్చే నిమిషాలు ఆ గంటకు బదులు కావు. సాయంత్రం వీధిలో ఆడుకోనివ్వండి, కొట్టుకు నడిపించి పంపండి. హోంవర్క్ చేస్తూ అరగంటకోసారి లేవనివ్వండి, లేచి ఫోన్ తీయకుండా మాత్రం చూడండి. మొన్న ఒక తాతగారు వచ్చి, "మీరు నేర్పాక మా మనవడు ఇంట్లోనూ నన్ను లేపి నిలబెడుతున్నాడమ్మా, మోకాళ్లు నొప్పులంటే వినడు" అని ఫిర్యాదు చేశారు. తాతగార్ల విషయంలో బడి బాధ్యత తీసుకోదు.

ఎవరికైనా ఇంకా అనుమానం ఉంటే ఒక పూట వచ్చి వెనక బెంచీలో కూర్చుని చూడండి. ముందు రోజు ఆఫీసులో చెబితే చాలు. అందరితోపాటు మీరూ లేవాల్సి ఉంటుంది.

ఉబ్బసం, గుండె సమస్య, మూర్ఛ, ఈమధ్య జరిగిన ఆపరేషన్ లేదా ఎముక విరగడం లాంటివి మీ పిల్లలకు ఉంటే, వచ్చే సోమవారంలోగా క్లాస్ టీచర్‌కు చీటీ రాసి పంపండి. ఇన్‌హేలర్ వాడే పిల్లల బ్యాగులో అది ఏ అరలో ఉంటుందో కూడా ఆ చీటీలో రాయండి.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు