పిల్లల బొమ్మల పేజీకి అసలు ఫైలు కూడా ఇవ్వండి

సంపాదకులు గారికి నమస్కారం.

ఆదివారం పిల్లల పేజీలో మీరు వేసిన హరిదాసు, గంగిరెద్దు కాగితం బొమ్మలు మా కోనసీమలో బాగా తిరుగుతున్నాయి. కత్తిరించి, నెత్తి దగ్గర మడిచి, అడుగున అట్టముక్క అంటిస్తే నిలబడతాయి. సంక్రాంతి బొమ్మల కొలువులో ఖాళీలు నింపడానికి అంతకంటే చవకైనది లేదు. అంబాజీపేటలో మాది డీటీపీ, జిరాక్స్ షాపు. ఆ పేజీ వచ్చిన దగ్గర్నుంచి కౌంటర్ దగ్గర ఒకటే మాట: “మేడమ్ గారండీ, ఈ హరిదాసు కండువా పచ్చగా మార్చి ఇంకోటి తీసివ్వండి. ఇద్దరూ ఒకేలా ఉంటే బాగోదు.”

రంగు మార్చడం ఎంతసేపు? చిక్కంతా వాళ్లు తెచ్చే బొమ్మతోనే. కొందరు పేపరుకే ఫొటో తీసుకొస్తారు. పత్రికలో రంగులు చుక్కలుగా అచ్చవుతాయని మీకు చెప్పక్కర్లేదు. ఆ చుక్కల్ని ఫొటో తీసి మళ్లీ ప్రింటిస్తే బొమ్మంతా గళ్ల లుంగీలా తేలుతుంది. ఇంకొందరు నాలుగు వాట్సాప్ గ్రూపులు తిరిగొచ్చిన జేపీజీ (ఫొటోను కుదించి దాచే ఫైలు) తెస్తారు. ఫోన్లో చూస్తే బాగానే ఉంటుంది. కానీ 5 సెంటీమీటర్ల బొమ్మలో ముఖం 6, 7 మిల్లీమీటర్లు మించదు. 300 డీపీఐలో, అంటే అంగుళానికి 300 పిక్సెళ్లు (రంగు చుక్కలు) ఉంటే, ఆ ముఖానికి 75 పిక్సెళ్లయినా దొరుకుతాయి, 100 డీపీఐలో పాతికే. కళ్లూ మీసం నామం అన్నీ ఆ పాతికలోనే సర్దుకోవాలి.

అసలు గీత బొమ్మలకు జేపీజీ పడదు. అది బొమ్మను 8 పిక్సెళ్ల చదరాలుగా విడగొట్టి, కంటికి ఆనదనుకున్నది పారేస్తుంది. నల్లగీత పక్కన తెల్లకాగితం ఉన్నచోటే ఆ మకిలి ఎక్కువ కనిపిస్తుంది. పిల్లలు కత్తెర పెట్టేదీ అక్కడే. దిద్ది మళ్లీ జేపీజీగానే సేవ్ చేస్తే ఇంకాస్త పోతుంది. ఫైల్లో 72 అని ఉన్న డీపీఐ అంకెను 300 చేసినంత మాత్రాన పోయింది తిరిగి రాదు. ఈమధ్య ఫొటోని హెచ్‌డీ చేసే యాప్‌లంటూ వచ్చాయి. అవి లేని వివరాలను సొంతంగా కల్పిస్తాయి. ఒకాయన తెచ్చిన హరిదాసు నెత్తిన అక్షయపాత్ర హెల్మెట్ అయిపోయింది!

ఇంట్లో కంప్యూటర్ ఉన్నవాళ్లకు పనికొస్తుందని మేం చేసే పద్ధతి చెబుతాను. పీడీఎఫ్ దొరికితే దాన్ని స్క్రీన్‌షాట్ తీయకండి. బొమ్మ చుక్కలతో కాక గీతలతో చేసిందైతే ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే ప్రోగ్రామ్‌లో తెరిచి కండువా మీద నొక్కి రంగు మార్చుకోవచ్చు. ఎంత పెద్దది చేసినా గీత చెదరదు. లోపలున్నది ఫొటో లాంటి బొమ్మయితే పీడీఎఫ్‌ఇమేజెస్ అనే ఉచిత ప్రోగ్రామ్ దాన్ని ఉన్నదున్నట్టు బయటికి తీస్తుంది. పీడీఎఫ్‌నే జింప్ అనే ఫొటోలు దిద్దే ప్రోగ్రామ్‌లో తెరిస్తే రిజల్యూషన్ (డీపీఐ) అడుగుతుంది, అక్కడ 300 వేయకుండా ఓకే కొట్టొద్దు. పని సాగినంతసేపూ జింప్ సొంత ఫైలు ఎక్స్‌సీఎఫ్‌గా ఉంచి, చివర్లో నాణ్యత పోని పీఎన్‌జీ ఫైలుగా తీసుకోండి. వెనక వైపు కోసం బొమ్మను కుడిఎడమలుగా తిప్పినా నాణ్యత పోదు. కొంచెం వంచడం, చిన్నది పెద్దది చేయడం మాత్రం ఒక్కసారితో అయిపోవాలి, చేసిన ప్రతిసారీ బొమ్మ కాస్త మసకబారుతుంది. ఎవరికైనా పంపాలంటే వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపండి. ప్రింటు కొట్టేటప్పుడు ‘ఫిట్ టు పేజ్’ తీసేసి ‘యాక్చువల్ సైజ్’ పెట్టాలి. లేదంటే బొమ్మ ఒక కొలత, దాని పీట ఒక కొలత అవుతాయి. లేజర్ ప్రింటయితే మడత దగ్గర రంగు పెచ్చులూడుతుంది, ముందు స్కేలు పెట్టి మొండి మొనతో గీరాక మడవండి.

ఇక మీతో పని. కనుమ నాడు మా జగ్గన్నతోటలో కొలువుదీరే ఏకాదశ రుద్రుల ప్రభలు (శివుడి పేర అలంకరించి భుజాల మీద మోసే ఎత్తైన కట్టడాలు) 2023 గణతంత్ర దినోత్సవాన మన రాష్ట్ర శకటంగా ఢిల్లీ దాకా వెళ్లాయి. ఆ పదకొండు ప్రభలనూ, మోసే మనుషులనూ వచ్చే సంక్రాంతికి కాగితం బొమ్మలుగా వేయండి. గంగలకుర్రు ప్రభలు కౌశిక కాలువ దాటుతున్నట్టు వేస్తే పిల్లలు ఎగిరి గంతేస్తారు. కానీ ఏ ఊరి ప్రభకు ఆ ఊరి అలంకరణ ఉంటుంది కదా, రంగులు మార్చుకోకుండా ఎవరూ ఊరుకోరు. అందుకని పేజీతో పాటు అసలు పీడీఎఫ్ కూడా మీ వెబ్‌సైట్‌లో పెట్టండి. గీతల్ని గీతలుగానే ఉంచమనండి, ఫొటోగా మార్చొద్దు. ఊరి పేర్లను కర్వ్స్‌లోకి (అక్షరాల ఆకారాన్నే గీతలుగా) మార్చమనండి, లేకపోతే మీ ఫాంట్ లేని కంప్యూటర్లో అక్షరాలు పిచ్చిగీతలవుతాయి. ఒక మూల 5 సెంటీమీటర్ల కొలత గీత వేస్తే ప్రింటు సైజు సరిగ్గా వచ్చిందో లేదో స్కేలు పెట్టి చూసుకుంటారు. ఇంట్లో వాడుకోవడానికి మార్చుకోవచ్చని ఒక ముక్క రాస్తే మాలాంటి షాపులవాళ్లకూ టెన్షన్ ఉండదు. పేజీ అడుగున క్యూఆర్ కోడ్ వేయడం మరిచిపోకండి.

ఇట్లు,
ఒక డీటీపీ షాపు నిర్వాహకురాలు,
అంబాజీపేట, కోనసీమ జిల్లా