మీవాడి షిప్పుకేం కాలేదురా, మ్యాప్‌లో కనపడట్లేదంతే

అమలాపురం

ఒరేయ్ సత్తిబాబూ,

నీ వాయిస్ మెసేజ్ విన్నాన్రా. ఫోన్లో చెప్తే నీ బుర్రకెక్కదని టైప్ చేస్తున్నా, తీరిగ్గా చదువుకో, చదివాక చెల్లెమ్మకి కూడా చూపించు, ఆవిడ నీకంటే తొందరగా అర్థం చేసుకుంటుంది.

సింగపూర్ దాటాక మీవాడు పనిచేసే షిప్పు మ్యాప్‌లోంచి మాయమైపోయిందన్నావ్. మాయమవ్వలేదురా బాబూ. షిప్పులు ఎక్కడున్నాయో చూడ్డానికి నువ్వు తెరిచే మెరైన్‌ట్రాఫిక్ అయినా వెసెల్‌ఫైండర్ అయినా చూపించేది ఏఐఎస్ సిగ్నల్, అంటే షిప్పులో ఉన్న ఓ పెట్టె తన ఆచూకీ చెప్తూ పంపేది. దేశాలు దాటి తిరిగే 300 టన్నుల పైబడ్డ ప్రతి షిప్పుకీ ఆ పెట్టె ఉండి తీరాలి, అది వీహెచ్‌ఎఫ్ రేడియో మీద పేరు, స్పీడు, ఎటెళ్తోందో చెప్తూ ఉంటుంది. ఒడ్డున ఉన్న యాంటెన్నాకి అది అందేది మహా అయితే 40 నాటికల్ మైళ్ళు, అంటే 70 కిలోమీటర్ల పైమాట. ఆ తర్వాత వినేది శాటిలైటే, దానికి డబ్బులు కట్టాలి. నువ్వు ఫ్రీ బ్యాచ్‌వి కాబట్టి మలక్కా జలసంధి దాటి హిందూ మహాసముద్రంలోకి వెళ్ళగానే నీకు చుక్క ఆగిపోద్ది, మళ్ళీ ఏదో ఒడ్డు దగ్గరికొచ్చినప్పుడే కనపడుద్ది. మధ్యలో రోజుల తరబడి ఖాళీగా ఉండటం మామూలే. అర్ధరాత్రి లేచి రిఫ్రెష్ కొట్టడం మానెయ్.

ఇంకోటి, రోటర్‌డామ్ వెళ్ళాల్సిన షిప్పు ఆఫ్రికా కింద నుంచి వెళ్తుందట, ఎందుకు, దారి తప్పిందా అన్నావ్. 2023 చివర్నుంచి ఎర్రసముద్రంలో యెమెన్ వైపు నుంచి షిప్పుల మీద డ్రోన్లూ మిస్సైళ్ళూ వేశారు కదా, అప్పట్నుంచి చాలా కంపెనీలు ఎర్రసముద్రం మొదట్లో ఉన్న బాబ్ ఎల్ మందెబ్ జలసంధి, చివర్లో ఉన్న సూయజ్ కాలవ వదిలేసి ఆఫ్రికా దక్షిణాన ఉన్న గుడ్ హోప్ అగ్రం చుట్టూ తిప్పడం మొదలెట్టాయి. 3,000 నాటికల్ మైళ్ళ పైనే ఎక్కువ, పది రోజులు అటూ ఇటూ. ఆయిలు ఖర్చు వాళ్ళది, నీకెందుకు, పిల్లాడు భద్రంగా ఉంటాడు అదే మనకి కావాల్సింది.

ఆ యాప్‌లో గమ్యం అని కనపడేది నమ్మకు. అది షిప్పులో ఎవరో చేత్తో టైప్ చేసింది, ఒక్కోసారి పాత రేవు పేరే ఉంచేస్తారు, ఒక్కోసారి ఎటెళ్ళాలో ఓనరే ఇంకా తేల్చకపోతే ఫర్ ఆర్డర్స్ అని కొట్టేస్తారు. ఊరి పేరు బదులు కోడ్ కూడా కొడతారు, ఎన్ఎల్ఆర్‌టీఎం అంటే రోటర్‌డామ్, ఎస్‌జీఎస్ఐఎన్ సింగపూర్, మన వైజాగ్ ఐఎన్‌వీటీజెడ్. టైము యూటీసీ, అంటే ప్రపంచమంతా వాడే ఉమ్మడి టైము, అని ఉంటే దానికి అయిదున్నర గంటలు కలుపుకో, 4 అంటే మనకి పొద్దున్న తొమ్మిదిన్నర.

ఇప్పుడు ముఖ్యమైంది. పేరుతో వెతక్కురా. ఒకే పేరుతో పది షిప్పులుంటాయి, అమ్మినప్పుడల్లా పేర్లు మారుస్తారు. మారంది ఐఎంఓ, అంటే అంతర్జాతీయ సముద్రయాన సంస్థ, నంబర్ ఒక్కటే, ఏడంకెలు, తయారైనప్పుడు ఇస్తారు, తుక్కుకి పోయేదాకా అదే. అది తప్పు కొట్టావో లేదో తెలుసుకునే చిట్కా ఉంది. మొదటి ఆరంకెల్నీ వరసగా 7, 6, 5, 4, 3, 2తో గుణించి కూడు, వచ్చినదాంట్లో చివరి అంకె, నంబర్లో ఏడో అంకె ఒకటే అవ్వాలి. 2021 మార్చిలో సూయజ్‌లో అడ్డంగా ఇరుక్కుని ఆరు రోజులు ప్రపంచాన్ని ఆపేసిన ఎవర్ గివెన్ గుర్తుందిగా, 400 మీటర్ల షిప్పు, దాని నంబర్ 9811000. తొమ్మిదేళ్ళు 63, ఎనిమిదారులు 48, తర్వాత 5, 4, మిగతావి సున్నాలు, మొత్తం 120, చివర సున్నా, నంబర్ చివరా సున్నా. చూశావా, ఎక్కాలు ఊరికే పోలేదు. ఆ నంబర్ పట్టుకుని ఈక్వాసిస్ అనే సైట్‌కెళ్ళు, ఫ్రీయే, అకౌంట్ తెరవాలంతే. షిప్పు ఎప్పుడు కట్టారు, నడిపేదెవరు, ఏ రేవులో తనిఖీ చేసి ఏం లోపాలు పట్టుకున్నారు, అన్నీ ఉంటాయి. పిల్లాణ్ణి ఎక్కించేముందు చూడాల్సింది అదీ, నువ్వేమో కంపెనీ బ్రోచర్లో స్విమ్మింగ్ పూల్ ఫోటో చూశావ్.

వాడు దిగే రేవుల గురించి తెలుసుకోవాలంటే వరల్డ్ పోర్ట్ ఇండెక్స్ అని అమెరికా వాళ్ళ జియోస్పేషియల్ ఇంటెలిజెన్స్ ఏజెన్సీ ఫ్రీగా ఇస్తుంది. వేల రేవులు, ఒక్కోదానికీ లోతెంత, పోటుపాట్లకి తేడా ఎంత, షిప్పుని రేవులోకి దారి చూపించి తెచ్చే పైలట్ తప్పనిసరా, డాక్టరు దొరుకుతాడా అని అన్నీ గళ్ళు కట్టి ఉంటాయి. చూడ్డానికి కరెంటు బిల్లులా ఉంటుంది గానీ ట్రావెల్ వ్లాగుల కంటే వందరెట్లు నయం. కాకినాడ యాంకరేజ్‌లో నేను బియ్యం బస్తాల లెక్క రాసే రోజుల్లో షిప్పులు దూరంగా లంగరేసుకుని ఉండేవి, బార్జీల్లో సరుకు మోసేవాళ్ళం, ఏ షిప్పు ఎప్పుడొస్తుందో ఏజెంటు జేబులో నోట్‌బుక్కు చెప్తే తప్ప తెలిసేది కాదు, అది కూడా టీ ఇప్పిస్తేనే.

కాలవల సంగతికొస్తే వార్తలు చూడకు, సూయజ్ కెనాల్ అథారిటీ, పనామా కెనాల్ అథారిటీ సైట్లు సొంతంగా ఉన్నాయి, అవే చూడు. సూయజ్ 193 కిలోమీటర్లు, లాకులు లేవు, సముద్రం నీళ్ళే నేరుగా. పనామా అలాక్కాదు, అచ్చం మన లొల్ల లాకుల్లాగే తలుపులు మూసి నీళ్ళు నింపి షిప్పుని లేపుతారు, 26 మీటర్లు పైకెక్కించి గాటూన్ చెరువులో నడిపించి అవతల దింపుతారు. దిగిన ప్రతిసారీ చెరువు మంచినీళ్ళు కోట్ల లీటర్లు సముద్రంలో పోతాయి. 2023లో వానల్లేక చెరువు ఎండితే రోజుకి 36 దాకా వదిలే షిప్పుల్ని తగ్గించుకుంటూ పోయారు, 2023 డిసెంబర్‌కి 22. చెరువు మట్టం రోజూ సైట్‌లో పెడతారు. ఎండాకాలం కాలవలు కట్టేస్తే మనూళ్ళో రైతు మొహం ఎలా ఉంటుందో నీకు వేరే చెప్పాలా, అక్కడ షిప్పింగ్ కంపెనీలదీ అదే మొహం.

మన గోదావరి జిల్లాల కాలవలు కొన్ని జాతీయ జలమార్గమే తెలుసా? 4వ నంబర్, 2008లో ప్రకటించారు, కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా కాలవలు, భద్రాచలం నుంచి రాజమండ్రి దాకా గోదావరి. మన తాతలు ధాన్యం పడవలేసుకుని తిరిగిన దారే. ఇప్పుడు మా వీధి వెనక కాలవలో గుర్రపుడెక్క మీద కొంగ నడిచి అవతలికెళ్తోంది, షిప్పు సంగతి దేవుడెరుగు.

తుఫాన్ల గురించి మాత్రం యూట్యూబ్ థంబ్‌నెయిళ్ళు చూసి చెల్లెమ్మని బెదరగొట్టకు. అలల ఎత్తు, సముద్రం హెచ్చరికలు ఇచ్చే ఇన్‌కాయిస్ ఆఫీసు హైదరాబాద్‌లో మీ ప్రగతినగర్‌లోనే ఉందిరా, సముద్రం లేని ఊళ్ళో, దాని సైట్ చూడు. మన బంగాళాఖాతంలో అలల సంగతికి అది చాలు.

ఇక చివరాఖరికి, మీ అన్నయ్య రెండోవాడికి కూడా షిప్పు ఉద్యోగం అని ఎవడో ఏజెంటు మూడు లక్షలడుగుతున్నాడన్నావ్. రూపాయి కట్టొద్దని చెప్పు. షిప్పుల వ్యవహారాలు చూసే కేంద్ర ప్రభుత్వ ఆఫీసు డీజీ షిప్పింగ్ సైట్‌లో ఆర్‌పీఎస్ఎల్, అంటే షిప్పు ఉద్యోగాల్లో పెట్టే లైసెన్స్, ఉన్న కంపెనీల లిస్టుంది, ఉద్యోగం ఇప్పించినందుకు కుర్రాడి దగ్గర డబ్బులు తీసుకోవడానికి వాళ్ళకి వీల్లేదు, తీసుకుంటానన్నాడంటేనే తేడా ఉన్నట్టు. మా వైపూ ఒకడు ఇలాగే కుర్రాళ్ళని ముంబై తీసుకెళ్ళి లాడ్జిలో కూర్చోబెట్టి వచ్చేశాడు, వాళ్ళ నాన్నలు కొబ్బరితోట తాకట్టు పెట్టి కట్టిన డబ్బులు. ఆ ఏజెంటు కంపెనీ పేరు, లైసెన్స్ నంబర్ అడిగి నాకు పంపు, నేనే లిస్ట్‌లో చూసి చెప్తా. అలాగే మీవాడి షిప్పు ఐఎంఓ నంబర్ కూడా పంపు, పేరు కాదు, నంబర్.

ఉంటా మరి,
నీ కొండబాబు