తీర రహదారి నక్షా ఖరారయ్యే ముందే మత్స్యకారులను అడగాలి

సంపాదకులకు,

విశాఖపట్నం నుంచి భీమిలి మీదుగా భోగాపురం విమానాశ్రయం వైపు సముద్రతీరం వెంట ఆరు వరుసల రహదారి వేయాలన్న ప్రతిపాదన చాలాకాలంగా వినిపిస్తున్నందున, ముంబయి తీర రహదారి అనుభవంలో మనం గమనించవలసిన ఒక విషయాన్ని మీ పత్రిక ద్వారా ప్రస్తావించదలచాను.

మెరైన్ లైన్స్ నుంచి వర్లీ వరకు 10.58 కిలోమీటర్ల ఆ రహదారి పనులు 2018లో మొదలయ్యాయి. మలబార్ హిల్ కింద రెండు కిలోమీటర్లకు పైగా జంట సొరంగాలు తవ్వారు, 111 హెక్టార్ల మేర సముద్రాన్ని పూడ్చారు. 2019 జులైలో బొంబాయి హైకోర్టు తీరప్రాంత అనుమతిని కొట్టివేసినా, డిసెంబరులో సుప్రీంకోర్టు పనుల కొనసాగింపునకు వీలు కల్పించింది. అది గొప్ప నిర్మాణమే, సందేహం లేదు.

అయితే వర్లీ కోలీవాడ మత్స్యకారుల పడవలు క్లీవ్‌ల్యాండ్ బందర్ నుంచి సముద్రంలోకి వెళ్లే దారిలోనే ఆ రహదారి వంతెన స్తంభాలు వచ్చాయి. స్తంభాల మధ్య 60 మీటర్ల ఎడం చాలునని నక్షా గీసినవారు అనుకున్నారు. పోటు మీదున్న సముద్రంలో పడవ గీత గీసినట్టు నేరుగా పోదని, కెరటం పక్కకు నెడితే స్తంభానికి కొట్టుకుంటుందని అక్కడి మత్స్యకారులైన కోలీలు ఏళ్ల తరబడి మొత్తుకున్నారు. చివరకు 2022 డిసెంబరులో ఒక స్తంభాన్ని తొలగించి, ఎడాన్ని 120 మీటర్లకు పెంచడానికి ప్రభుత్వం ఒప్పుకుంది. ముందే అడిగి ఉంటే మొదటి నక్షాలోనే తేలిపోయే విషయమిది.

మన తీరంలో చిక్కు వేరు. జాలరిపేట, మంగమారిపేట వంటి ఊళ్లలో ఇసుక తిన్నెలే రేవులు. పడవలు లాగిపెట్టేదీ, వలలు బాగుచేసుకునేదీ, చేపలు ఎండబెట్టేదీ అక్కడే. ఒడ్డు మీద నుంచి లాగే పెద్ద వల, అంటే పెదవలను లాగేటప్పుడు రెండు జట్లు తాళ్లు పట్టుకుని ప్రవాహాన్ని బట్టి ఒడ్డు వెంట జరుగుతూ పోతాయి కనుక, వారికి అడ్డులేని పొడవైన ఇసుక నేల కావాలి. రహదారికి రక్షణగా ఆ ఇసుకలో గోడ కట్టినా, బండరాళ్లు పేర్చినా ఆ వేట సాగదు. పైగా తీరం కోత సమస్య ఉంది: ఆర్కే బీచ్‌ను నిలబెట్టుకోవడానికే డ్రెడ్జింగ్‌లో తవ్వి తీసిన ఇసుక తెచ్చి పోయవలసి వస్తోంది. భీమిలి దగ్గర తీరాన ఉన్న అరుదైన ఎర్రమట్టి దిబ్బల జోలికి వెళ్లకూడదని వేరే చెప్పనక్కరలేదు.

కాబట్టి సవివర ప్రాజెక్టు నివేదిక ఖరారు చేయకముందే, రహదారి ఏ ఊరి ముందు ఇసుకను ఎంత మేర ఆక్రమిస్తుందో చూపే నక్షాను తెలుగులో ప్రతి మత్స్యకార గ్రామంలోనూ ప్రదర్శించాలని అధికారులను కోరుతున్నాను. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధ కాలంలో మత్స్యకారులు ఎక్కువమంది ఊళ్లోనే ఉంటారు. అభిప్రాయ సేకరణ సమావేశాలను కలెక్టరేట్‌లో కాకుండా, ఆ రోజుల్లో ఆయా ఊళ్ల ఒడ్డునే జరిపి, వారు చెప్పినదానిని నివేదికలో చేర్చాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు, భీమిలి