వెబ్ పేరు వేయడానికి చోటు చాలలేదా?

సంపాదకుడు గారికి,

రెండు ఆదివారాల కిందట మీ అనుబంధంలో అమెరికా జాజ్ గాయని ఎల్లా ఫిట్జెరాల్డ్ మీద వచ్చిన వ్యాసం గురించి ఈ ఉత్తరం. ఎవరో ఒకరు రాస్తారులే అని ఆగాను. ఎవరూ రాయలేదు, మీరూ సవరణ వేయలేదు.

పేజీ నిండా ఉన్న ఆ వ్యాసంలో చిక్ వెబ్‌కు దక్కింది ఒక్క ముక్క: ‘డ్రమ్ములు వాయించే ఓ వికలాంగుడు ఆమెకు అవకాశం ఇచ్చాడు’. పేరు లేదు. ఆ తర్వాత ఆమె ‘సొంత బృందంతో’ వెలిగిపోయిందట. అయ్యా, ఆ బృందం ఆ వికలాంగుడిదే!

చిన్నప్పుడే వెన్నెముకకు క్షయ వచ్చి గూని ఏర్పడిన మనిషి వెబ్. బాల్టిమోర్‌లో పేపర్లమ్మి కూడబెట్టిన డబ్బుతో డ్రమ్ములు కొనుక్కున్నాడు. పేపర్లమ్మి పైకొచ్చినవాడి పేరుకు మీ పేపర్లో చోటు లేకపోయింది. న్యూయార్క్ హార్లెమ్‌లోని సవాయ్ బాల్‌రూమ్ అనే నాట్యశాల ఆయన అడ్డా. 1937 మే నెలలో పేరుమోసిన జాజ్ బృంద నాయకుడు బెన్నీ గుడ్‌మన్ అంతటివాడు తన బృందంతో పోటీకి వస్తే, అక్కడే చిత్తు చేసి పంపాడు. గుడ్‌మన్ డ్రమ్మరు జీన్ క్రూపా కూడా ఓటమి ఒప్పుకున్నాడు.

ఆ బృందంలో గొంతు ఒక్క ఎల్లాదే కాదు. ఆమెకంటే ముందు నుంచీ చార్లెస్ లింటన్ పాడేవాడు. ట్రంపెట్ దించి టాఫ్ట్ జోర్డాన్ పాడేవాడు. తర్వాత శాక్సఫోన్‌తో వచ్చిన లూయీ జోర్డాన్ కూడా పాడాడు. బయటికెళ్లి సొంత బృందం పెట్టి ఆయన ఎంత పేరున్న గాయకుడయ్యాడో వేరే చెప్పాలా? 1934 నవంబరులో అపోలో థియేటర్ పోటీలో గెలిచిన 17 ఏళ్ల ఎల్లాను చూసి, ఆ నలిగిన బట్టలూ వాలకమూ నచ్చక వెబ్ మొదట వద్దనుకున్నాడు. తీరా 1935లో తీసుకున్నాక ఆమెనే ముందు నిలబెట్టాడు. 1938లో ఆమె పాడిన ‘ఎ టిస్కెట్, ఎ టాస్కెట్’ పాట మోగిపోయింది. మరుసటి ఏడు జూన్ 16న వెబ్ కన్నుమూశాడు. అప్పుడు అదే బృందానికి ఎల్లా పేరు పెట్టారు. మీ వ్యాసకర్త చూసిన ‘సొంత బృందం’ ఇదీ!

అయినా మిమ్మల్నొక్కరినే అని ఏం లాభం? ఒకప్పుడు రేడియోలో పాట వేసే ముందు రచన ఎవరిదో, సంగీతం ఎవరిదో, పాడిందెవరో వరసగా చెప్పేవాళ్లు. మాకు ఆ పేర్లన్నీ అలాగే నోటికొచ్చాయి. ఇప్పుడు ఎఫ్‌ఎంలో పాట మధ్యలో కోసి వ్యాపార ప్రకటన వేస్తారు. పాట ఎవరిదని అడిగితే హీరో పేరు చెబుతారు. వేణువు వాయించినవాడి సంగతి దేవుడికెరుక. సరే, పుస్తకంలో చూసుకుందామని మా ఊరి గ్రంథాలయానికి వెళితే సంగీతం బీరువాకు తాళం. తాళంచెవి ఉన్నాయన సెలవులో ఉన్నాడట. ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయ సెస్సు మాత్రం ఏటా తు.చ. తప్పకుండా కడుతున్నాం.

సవరణ వేసే ఉద్దేశం ఉంటే, చిక్ వెబ్ అని పేరుతో సహా వేయండి. అదీ టెండరు ప్రకటనల కింద చీమతలకాయంత అక్షరాల్లో కాకుండా.

ఇట్లు,
పాత చందాదారుడు, తెనాలి