పాప బళ్ళో సి సెక్షన్‌లో పడింది

ఒరేయ్ శీనూ,

మొన్న ఫోన్‌లో సగంలో వదిలేసిన సంగతి ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను. రోజూ చిన్నపిల్లలకి పాఠాలు చెప్పేవాడివి, నీకు చెప్పుకుంటేనే నాకు మనసు కుదుటపడుతుంది.

పాప మూడో తరగతికి వచ్చింది కదా. జూన్‌లో బళ్ళో ఒక ఇంగ్లీషు రీడింగ్ టెస్ట్ పెట్టి, ఆ మార్కుల్ని బట్టి అందర్నీ ఎ, బి, సి సెక్షన్లు చేశారు. మనది సి లో పడింది. ఇంట్లో తెలుగు, చెన్నై పెరంబూరులో మా వీధిలో తమిళం, బళ్ళో ఇంగ్లీషు. చదవడంలో తడబడుతుందంటే ఒప్పుకుంటాను. మరి లెక్కల్లో? మొన్న కొట్లో 87 రూపాయలైతే రెండొందల నోటు ఇచ్చాను. కొట్టాయన కాలిక్యులేటర్ తీసేలోపే "నూట పదమూడు రావాలి నాన్నా" అంది. ఆ పిల్ల ఇప్పుడు లెక్కలకీ, సైన్సుకీ, ఆఖరికి డ్రాయింగుకీ సి లోనే కూర్చుంటోంది.

విడదీయడం మీద నాకు కోపం లేదురా. కథ గడగడా చదివేవాళ్ళూ, అక్షరాలు కూడబలుక్కునేవాళ్ళూ ఒకే గదిలో ఉంటే టీచరు ఎవరికని చెబుతుంది? పిల్లల చదువు కోసం పనిచేసే ప్రథమ్ సంస్థ వాళ్ళ పద్ధతి నీకు తెలిసిందే. అక్షరం, పదం, పేరా, కథ, ఎవరు ఎక్కడ ఆగారో చూసి, రోజుకి గంటో రెండు గంటలో ఆ గుంపుకి తగ్గట్టు చెబుతారు. వచ్చేసినవాళ్ళని పై గుంపులోకి పంపిస్తారు. ఈ ఊరికీ ఇది కొత్తేం కాదు. 2003లో చెన్నై కార్పొరేషన్ బడుల్లో మొదలైన కార్డుల చదువుకి మూలం మన మదనపల్లె దగ్గరి రిషీ వ్యాలీ బడే. 2022లో తమిళనాడు సర్కారు బడుల్లో వచ్చిన 'ఎణ్ణుం ఎళుత్తుం' (అంకెలూ అక్షరాలూ) పథకంలోనూ కింది నుంచి పైకి అరుంబు, మొట్టు, మలర్ అని మూడు స్థాయిలున్నాయి. మా కింద వాటా అబ్బాయి తమిళంలో మొట్టు, లెక్కల్లో మలర్. చూశావా, సబ్జెక్టుకో లెక్క!

ఇదంతా అంటే పాప బడి మేడమ్ కెన్యా సంగతి ఎత్తింది. డూఫ్లో, క్రెమర్ అనే ఆర్థికవేత్తలు (2019లో నోబెల్ వచ్చినవాళ్ళే) అక్కడ 121 బడుల్లో చూశారు. ఒకటో తరగతిని మార్కుల్ని బట్టి రెండుగా చేసిన చోట పైవాళ్ళూ కిందివాళ్ళూ బాగుపడ్డారు. నిజమే, కాదనను. కానీ తన ముందున్న పిల్లల స్థాయికి తగ్గట్టు టీచరు పాఠం చెప్పగలిగింది కాబట్టే అలా జరిగిందని వాళ్ళే వివరించారు. ఇక్కడేమో ఎ కీ సి కీ అదే పుస్తకం, అదే వారం అదే పాఠం, అదే పరీక్ష. మరి ఎందుకు విడదీసినట్టు? మళ్ళీ టెస్ట్ ఎప్పుడంటే వచ్చే ఏడాదట.

నిన్న రాత్రి తొమ్మిదో ఎక్కం మధ్యలో ఆపేసి, "మాకు రాకపోయినా ఫర్వాలేదు నాన్నా, మేం సి కదా" అంది. ఎనిమిదేళ్ళ పిల్లరా! నాకు అన్నం సయించలేదు.

శుక్రవారం మేడమ్‌ని కలుస్తున్నాను. లెక్కలకి విడిగా చూడమంటాను, క్వార్టర్లీ పరీక్షలవగానే మళ్ళీ టెస్ట్ పెట్టమంటాను. నువ్వు ఎన్నాళ్ళకోసారి గుంపులు మారుస్తావు, కింద మిగిలినవాళ్ళకి ఏమని చెబుతావు? ఈలోపే వివరంగా రాయి, చూపించడానికి నాకు పనికొస్తుంది. చెల్లెమ్మని అడిగానని చెప్పు.

నీ
మూర్తి