రోడియో పరేడ్, బాక్స్‌టర్ బ్లాక్ పద్యాలు: గురువారం అందరూ రండి!

అరిజోనాలోని టూసాన్ తెలుగు కుటుంబాలందరికీ నమస్కారం 🙏

ఈ గురువారం రోడియో పరేడ్, అంటే కౌబాయ్‌ల స్వారీ పోటీల పండగ ఊరేగింపు. పిల్లలకు ఎలాగూ రోడియో సెలవులే. 1925లో మొదలైన ఈ ఊరేగింపులో మోటారు బండి అన్నదే కనపడదు. అన్నీ గుర్రాలు, కంచర గాడిదలు, బగ్గీలే.

పరేడ్ 9 గంటలకు. మనం 7:30కే రోడ్డు పక్క చోటు పట్టుకోవాలి, లేటయితే పిల్లలకు ముందువాళ్ళ వీపులే కనిపిస్తాయి.

అయ్యాక పార్కులో పులిహోర తింటూ బాక్స్‌టర్ బ్లాక్‌ను తలుచుకుందాం. మన పక్కనే బెన్సన్‌లో ఉండి, 2022 జూన్‌లో పోయిన కౌబాయ్ కవి. అసలు వృత్తి పశువుల డాక్టరు. ఆవుల వెంటపడి బోర్లాపడే కౌబాయ్‌ల పాట్లను ఆ గుబురు మీసాల మనిషి చేతులూపుతూ పద్యంగా చెబితే జనం పొట్ట పట్టుకుని నవ్వేవారు. మన చాటువుల్లాగే, నోటితో చెబితేనే వాటికి అందం. నాకైతే ఈ ఊరిని దగ్గర చేసింది ఆయన గొంతే.

ఇంటికొకరు ఒక పద్యం చదవండి: ఆయనదైనా సరే, మన చాటువైనా సరే. పేర్లు బుధవారం రాత్రిలోగా ఇక్కడే పెట్టండి.

మడత కుర్చీ, టోపీ, నీళ్ళు, పొద్దున చలికి స్వెట్టర్ తెచ్చుకోండి. కుక్కలు, బెలూన్లు వద్దు, గుర్రాలు బెదురుతాయి.

మళ్ళీ చెబుతున్నా, 7:30! పిల్లల్ని గుర్రాల వెనక్కి అస్సలు వెళ్ళనివ్వకండి.